లిపారి రేవులో ఆయన పేరు

పెళ్లయి పదిహేనేళ్లు నిండాయి, ఎటైనా వెళదామని అడిగింది నేనే. నా మనసులో ఉన్నది గోవా. మా ఆయన ఖాయం చేసుకొచ్చింది సిసిలీ. ఇటలీకి కింద, మధ్యధరా సముద్రంలో ఉన్న పెద్ద దీవి అది. అంత దూరం ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. అక్కడ మార్తా ఉంది.

మా ఆయన శ్రీనివాస్ గుమ్మడిదల వైపు ఒక మాత్రల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తారు. రెండేళ్ల కిందట ఇటలీ నుంచి పెద్ద మిషన్ వస్తే, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరే మార్తా. మూడు వారాలుండి వెళ్లింది. అప్పటినుంచి మిషన్ మొరాయిస్తే చాలు, మా బీరంగూడ ఇంట్లోకి వీడియోలో వచ్చేస్తుంది. "శ్రీనీ!" అని పిలుస్తుంది. నేను పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా ఆ పేరు నోట పలకలేదు. మా ఇళ్లలో అలవాటు లేదు. "ఇగో", "ఏమయ్యా", వీటితోనే కాపురం చేశాను.

మే నెలలో, నేను తెలుగు చెప్పే బడికి సెలవులిచ్చాక బయల్దేరాం. ఉదయం ఆరింటికి కారొచ్చింది. డ్రైవర్ సామాన్లు పెడుతూ అడిగాడు.

"గంత దూరం ఏం సూడనీకి పోతున్రు మేడం?"

"సముద్రం."

"వైజాగ్‌ల లేదా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సీటు బెల్టు సర్దుకున్నారు.

దోహాలో విమానం మారి, రాత్రికి కటానియాలో దిగాం. మర్నాడు తొమ్మిదింటికి కిరాయి కారు తీసుకున్నాం. సంగారెడ్డి ఆర్టీవో ఆఫీసులో ముందే తెచ్చుకున్న అంతర్జాతీయ పర్మిట్ చూపిస్తే తాళాలిచ్చారు. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మా ఆయన గేరు వేయబోయి పదిసార్లు తలుపు పట్టుకున్నారు. ఎడమన ఎట్నా అగ్నిపర్వతం పొగ వదులుతోంది, ఫ్యాక్టరీల పక్కనుండే మాకు పొగలు కొత్తేం కాదు. కుడివైపు సముద్రం మాత్రం కొత్తే. అంత నీలం నేను బట్టల షాపులో కూడా చూడలేదు. పదకొండింటికి దారిలో ఆగి, నిమ్మరసం మంచులో మెత్తటి రొట్టె ముంచుకుని తిన్నాం. అదే అక్కడి టిఫిను. బాగుందని అనబోయాను.

"మార్తా చెప్పింది, ఇది తప్పక తినాలె అని," అన్నారాయన.

నేను రొట్టె పక్కన పెట్టాను.

మధ్యాహ్నానికి మిలాజ్జో చేరి, కారు అక్కడే ఉంచి, మార్తా వాళ్లుండే లిపారి దీవికి పడవెక్కాం. గంట ప్రయాణం. ఎదురుగా ఒక ముసలాయన ఒళ్లో టమాటా నారు పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్లయి ఎన్నేళ్లని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. పదిహేను అన్నాను. "అయినా ఒకే కిటికీలోంచి చూస్తున్నారే!" అని మెచ్చుకున్నాడు. నేను చూస్తున్నది కిటికీని కాదు, దగ్గరపడుతున్న రేవులో ఒకామె నిలబడి చేయి ఊపడాన్ని.

మార్తా ముసలిదైతే బాగుండునని వీడియోలో చూసిన ప్రతిసారీ అనుకునేదాన్ని. దగ్గర్నుంచి చూస్తే ఇంకా అందంగా ఉంది. "శ్రీనీ!" అంటూ వచ్చి ఆయన రెండు బుగ్గలకూ బుగ్గలు ఆనించింది. అది వాళ్ల పద్ధతని తెలుసు. తెలిసినా ఒళ్లు మండింది. నాకూ ఆనించింది, చల్లారలేదు.

నాలుగు రోజులు వాళ్లమ్మ ఇంటి పైగదిలో ఉన్నాం. వంకాయలతో చేసిన సేమ్యాలాంటిది పెట్టారు, నేను తెచ్చిన కారప్పొడి తల్లీకూతుళ్లు చెంచాలతో తిన్నారు. భోజనాల దగ్గర మా ఆయన గలగలా మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను. ఇంట్లో ఆయన మాట్లాడేది "కూరేంది?" అన్నంత వరకే.

మూడో రోజు గిన్నెలు కడుగుతుంటే మార్తా అడిగింది, "భర్త పేరు నువ్వు పలకవట, నిజమేనా? మరి జనంలో తప్పిపోతే ఎలా పిలుస్తావు?"

"మేము తప్పిపోం," అన్నాను.

మర్నాడు ఉదయం వీడ్కోలు చెప్పుకున్నాం. రెండున్నరకు పడవ. అది పోతే సాయంత్రం విమానం కూడా పోయినట్టే. పాస్‌పోర్టులు నా సంచిలో ఉన్నాయి, నీళ్లు తెస్తానని వెళ్లిన మనిషి లేడు. పడవవాడు తాడు విప్పుతున్నాడు. దూరంగా జనంలో ఆయన గళ్ల చొక్కా కనిపించింది.

"ఇగో! ఏమయ్యా!" అని అరిచాను. పటాన్‌చెరు బస్టాండులో అయితే పదిమంది తిరిగేవాళ్లు. అక్కడ ఒక్కరూ తిరగలేదు.

"శ్రీనీ!"

నాలుగు రోజులుగా చెవిలో మోగుతున్నదే నోట్లోంచి వచ్చింది. ఆయన తిరిగారు. ముఖమంతా నవ్వు. ఆ నవ్వుతోనే నన్ను దాటి, నా వెనకాల వెతికారు.

"మార్తా వచ్చిందా? పిలిచింది గదా," అన్నారు దగ్గరికొచ్చి.

"పిలిచింది నేను."

సీసాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. రెక్క పట్టుకుని పడవలోకి లాగాను.

పడవ రేవు దాటాక మెల్లగా అడిగారు, "ఇంకోసారి పిలువు."

"పిలువ. అది ఆమె పెట్టుకున్న పేరు."

వెళ్లాలనుకునేవాళ్లకు చెబుతున్నా: సిసిలీ మంచి చోటు. కొండ, నీళ్లు, తిండి, దేనికీ వంక పెట్టలేను. చెప్పులు గట్టివి తీసుకెళ్లండి. కట్టుకున్న మనిషిని పిలిచే పేరొకటి కూడా వెంట ఉంచుకోండి.

మర్నాడు శంషాబాద్‌లో దిగి కారెక్కగానే ఆయన నా భుజం మీద నిద్రపోయారు. ముత్తంగి దగ్గర ఆయన ఫోను మోగింది. మార్తా.

"శ్రీనీ, చేరారా?"

"చేరాం," అన్నాను. గొంతు సవరించుకున్నాను. "శ్రీను పడుకున్నాడు."

పెట్టేశాను. భుజం మీది తల కదిలింది. "ఏమన్నవ్?"

"ఏం లేదు. పండుకో."

పడుకోలేదు. ఇంకోసారి అంటానేమోనని బీరంగూడ దాకా కళ్లు మూసుకుని, చెవులు అప్పగించి కూర్చున్నారు. నేను అనలేదు.