గడియ లేని హాలు

దొడ్డమ్మ పోయిన సంగతి ఆవిడ కోడలు పెరటి గోడ మీంచి చెప్పింది. పొద్దున్నే పెరట్లో గిన్నెలు తోముకుంటున్నాను. "అక్కా, అత్తయ్యగారు లేవట్లేదండి. ఒకసారి వస్తారా," అంది. గొంతులో ఏడుపు లేదు. నేను వెళ్ళేసరికి దొడ్డమ్మ హాల్లో దివాను మీద పడుకుని ఉంది, రోజూ పడుకునే చోటే. ఒళ్ళు చల్లబడిపోయింది. నిద్రలోనే ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ ఇంట్లో ఆవిడకి అంత నెమ్మదైన చావు వస్తుందని మా వీధిలో ఎవరూ అనుకోలేదు.

మాది మొగల్తూరు దగ్గర ఒక ఊరు. నేను పుట్టింది దొడ్డమ్మ పక్కింట్లో. మా ఆయన ఇల్లరికం రావడంతో ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. ఆవిడ మాకు చుట్టం కాదు. వరస కలిపి దొడ్డమ్మ అనేవాళ్ళం, ఆవిడ భర్తని పెదనాన్న అనేవాళ్ళం. వాళ్ళకి ఒక్కడే కొడుకు. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన సంగతి చెప్పకుండా దొడ్డమ్మ సంగతి చెప్పడం కుదరదు.

పెదనాన్న రొయ్యల చెరువులు చేసేవాడు. పెళ్ళాన్ని కొట్టేవాడు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒకటే గోడ. గోడకి గిన్నె తగిలిన చప్పుడు వేరు, తల తగిలిన చప్పుడు వేరు. ఆ తేడా నాకు బడికి వెళ్ళే వయసులోనే తెలుసు. చప్పుడు మొదలవగానే మా నాన్న టీవీ సౌండు పెంచేవాడు. మా అమ్మ పొయ్యి కట్టేసి నిలబడేది, అంతా అయ్యాక మళ్ళీ వెలిగించేది. ఎందుకు కట్టేసేదో ఆవిడకీ తెలియదనుకుంటాను. మర్నాడు దొడ్డమ్మ పంపు దగ్గరికి వచ్చేది. ఒకసారి ముందు పన్ను లేదు. ఒకసారి చెయ్యి తువ్వాలుతో మెడకి కట్టుకుని ఉంది. "జారిపడ్డానమ్మా," అనేది. పక్కనున్న వాళ్ళు బిందె ఎత్తి పెట్టేవాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు.

ఆ పన్ను ఊడినప్పుడే ఆవిడ అన్నలు కాకినాడ నుంచి వచ్చారు. ఊళ్ళో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. పెద్దమనుషులు ఆయనకి రెండు మాటలు, ఆవిడకి నాలుగు మాటలు చెప్పి భోజనాలకి లేచారు. "నేనే వడ్డించాను. పులిహోర బాగుందన్నారు," అని దొడ్డమ్మ తర్వాత నవ్వుతూ చెప్పింది. ఆవిడ నవ్వితే ఆ పన్ను లేని చోటే కనపడేది.

అన్నలు ఉన్నన్నాళ్ళూ పెదనాన్న చెయ్యెత్తలేదు. "తినండి బావగారూ, మొహమాటపడకండి," అని ఆవిడ చేత కొసరి కొసరి వడ్డింపించాడు. వాళ్ళ బస్సు కదిలాక ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, బెల్టు తీశాడు. ఆ దెబ్బలకి ఆవిడ వారం రోజులు బోర్లా పడుకుంది.

ఆ వారంలోనే తనకి విషయం అర్థమైందని చాలా ఏళ్ళ తర్వాత నాతో అంది. "ఆయనకి నలుగురిలో మర్యాద కావాలే. ఆ నలుగురూ ఎప్పుడూ మనింట్లోనే ఉంటే సరిపోద్ది కదా అనుకున్నాను."

లేచి నడవడం మొదలుపెట్టాక దొడ్డమ్మ హాలు సర్దడం మొదలుపెట్టింది. మాసిన సున్నం గోకించి పసుపుపచ్చ రంగు వేయించింది. వీధిలోకి కనపడేలా తలుపుకి ఎదురుగా దివాను వేసింది. దాని మీద పరుపు, పరుపు మీద తానే అల్లిన లేసు, ఆనుకోవడానికి బూరుగుదూది దిళ్ళు. పేము కుర్చీలు గోడకి వరసగా కాకుండా, మనుషులు ఒకళ్ళనొకళ్ళు చూసుకునేలా గుండ్రంగా వేసింది. కిటికీలో డబ్బాల్లో మనీప్లాంటు తీగలు. ఫ్లాస్కులో ఎప్పుడూ టీ. వీధిలో ఎవరు నడుస్తున్నా లోపలి నుంచి పిలుపు వచ్చేది: "ఏంటమ్మా అలా వెళ్ళిపోతున్నావు? వచ్చి ఒక్క గుక్క తాగి పో."

"రొయ్యల డబ్బు కదా, షోకులు పుట్టుకొస్తాయి," అని మా అమ్మ అనేది. "దాని హాలు చూడు, పెళ్ళివారు దిగేట్టు ఉంటుంది." అంటూనే రోజూ వెళ్ళి అక్కడే కూర్చునేది. అందరూ అంతే. ఆ హాల్లో కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. మా ప్రాంతంలో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెలుతురున్న చోట చేరి అల్లుకుంటారు. అలా చేరే చోటు మెల్లగా దొడ్డమ్మ హాలు అయింది. లేసు సూది పట్టుకోవడం నాకు ఆవిడే నేర్పింది. చూపుడువేలి మీద దారం ఎంత వదులుగా పోవాలో తన వేలితో నా వేలు పట్టుకుని చూపించింది. ఆ వేలు సరిగ్గా వంగేది కాదు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది.

ఒకరోజు గోడకి లేసు తోరణం కట్టడానికి నన్ను స్టూలెక్కమంది. పాతది తీశాను. కింద గోడ పెచ్చు లేచి, పిడికిలి పట్టేంత గుంట ఉంది. పక్కన ఉన్న క్యాలెండరు ఎత్తి చూశాను. అక్కడా గుంట ఉంది. కుర్చీ కోడు ఆకారంలో ఉంది. అప్పుడు స్టూలు మీంచే ఆ గదినంతా చూశాను. గాజు వస్తువు ఒక్కటి లేదు. ఫొటోలకి అద్దాలు లేవు. పూలకుండీ ప్లాస్టిక్‌ది. టీపాయి లేదు. టీవీని అందనంత ఎత్తున బిగించింది. టీ ఫ్లాస్కు తప్ప, విసిరితే దెబ్బ తగిలే వస్తువు ఏదీ ఆ గదిలో లేదు. వీధి తలుపుకి లోపల గడియ కూడా లేదు.

"గడియ ఊడిపోయిందా దొడ్డమ్మా?"

"ఊడింది. వేయించాలి," అంది ఆవిడ. దారం ఉండ చుట్టుకుంటూ నా వైపు చూడకుండా, "దిగు, పడతావు," అంది.

గడియని ఆవిడే స్క్రూడ్రైవరుతో ఊడదీసింది. బావిలో పారేశానని పోయేముందు కోడలికి చెప్పిందట.

ఇక ఆ మధ్యాహ్నం గురించి చెప్పాలి. లేసు దుప్పటి చేసేటప్పుడు పువ్వుల బిళ్ళలు ఎవరింట్లో వాళ్ళు అల్లుకుంటారు. వాటినన్నిటినీ అతికి దుప్పటిగా చేయడానికి మాత్రం ఒక చోట చేరాలి. గుండ్రంగా కూర్చుని, దుప్పటిని అందరి ఒళ్ళోనూ పరుచుకుని, ఎవరి వైపు వాళ్ళు అతుక్కుంటూ పోవాలి. వరస మధ్యలో ఎవరూ లేవకూడదు. ఒకళ్ళు లేస్తే అందరి వైపూ లాగేస్తుంది, కుట్లు జారతాయి. ఇంకో కట్టుబాటు మరక. చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చోవాలి. ఒక్క మరక పడ్డా లేసు కొనే ఏజెంటు తీసుకోడు, అందరి పనీ పోతుంది.

ఆ పొద్దున పెదనాన్న చెరువులో రొయ్య అంతా చచ్చి తేలింది. ఆయన గట్టు మీదే తాగి, మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. చేతిలో, చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్లు బిగించే పెద్ద పానా ఉంది. మేం దుప్పటి చివరి వరసలో ఉన్నాం. మా అందరిలోకీ పెద్దావిడ మామ్మగారు తలుపు పక్కన కూర్చుంది. దొడ్డమ్మ దివానుకి ఆనుకుని ఉంది.

"లేవండి. అందరూ బయటికి నడవండి," అన్నాడు.

మామ్మగారు తల ఎత్తకుండా, "వరస మధ్యలో ఉంది నాయనా. అయ్యాక పోతాం," అంది.

"నా చెరువు పోయి నేనేడుస్తుంటే, ఇక్కడ సంత పెట్టిందా ఇది?" అంటూ ఫ్లాస్కుని తన్నాడు. వేడి టీ నా పాదం మీద పడింది. ఆయన వంగి దొడ్డమ్మ జుట్టు పట్టుకుని లాగాడు. ఆవిడ దుప్పటి వదల్లేదు. మేమూ వదల్లేదు. ఆవిడతో పాటు దుప్పటీ, దుప్పటితో పాటు మేమందరం నేల మీద ముందుకి జరిగాం. మళ్ళీ లాగాడు. మళ్ళీ జరిగాం. దారం తెగలేదు. అప్పుడు పానాతో కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది కనుబొమ మీద పడింది. ఎముక చప్పుడు నాకు వినపడింది. దొడ్డమ్మ అరవలేదు. నెత్తురు ముక్కు పక్క నుంచి కారి దుప్పటి మీద పడింది.

"మరక!" అని అరిచింది మామ్మగారు.

ఆ మాటకి మేమందరం లేచాం. అన్నేళ్ళు ఆవిడ ఒంటి మీద నెత్తురు చూసి బిందెలు ఎత్తి పెట్టిన వాళ్ళం, ఆ రోజు తెల్ల దారం మీద నెత్తురు చూసి లేచాం. మామ్మగారు ఆయన చొక్కా పట్టుకుంది. "ఎవడబ్బ సొమ్మని చేశావురా? ఇంతమంది పని! నీ చెరువు పోతే మా చేతులు నరుకుతావా?" అంది. మా అమ్మ ఎన్నడూ గొంతెత్తని మనిషి. ఆ రోజు ఆయన ముఖం మీద కొట్టింది. ఒకావిడ సూది ఆయన ముంజేతిలోకి గుచ్చి వదిలేసింది. పానా ఎవరో లాక్కున్నారు. దానితో ఆయన మోకాలి మీద ఒక్కటి పడింది. ఎవరు కొట్టారో నేను చెప్పను. ఆయన కుంటుకుంటూ వీధిలోకి వెళ్ళాడు. వీధి జనమంతా చూశారు.

దొడ్డమ్మ కనుబొమకి కుట్లు వేయించి తీసుకొస్తుంటే ఆటోలో మామ్మగారికి ఏడుపొచ్చింది. "నీ కోసం లేవలేదే తల్లీ. దుప్పటి కోసం లేచాం," అంది.

"దేని కోసం లేస్తే ఏంటండి? లేచారు," అంది దొడ్డమ్మ.

ఏజెంటు ఆ దుప్పటి తీసుకోలేదు. దొడ్డమ్మ దాన్ని ఉతకలేదు. మరక తలుపు వైపు వచ్చేలా దివాను మీద పరిచింది. ఎవరొచ్చినా దాని మీదే కూర్చోబెట్టేది. పెదనాన్న మంచివాడైపోయాడని చెప్పను. వంటింట్లో, పెరట్లో చెయ్యి చేసుకుంటూనే ఉన్నాడు. పెరటి దారిన వచ్చిపోయేవాడు గానీ హాల్లోకి మాత్రం మళ్ళీ రాలేదు. దాంతో దొడ్డమ్మ పక్క హాల్లోకి మార్చుకుంది. రైస్ కుక్కరు కూడా ఒక మూలకి తెచ్చుకుంది. పడుకున్నప్పుడు తలుపు తీసే ఉంచేది. కొన్నేళ్ళకి పెదనాన్న చెరువు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడు. దొడ్డమ్మ చేయవలసినవన్నీ చేసింది. ఏడవలేదు.

కర్మలయ్యాక ఆవిడ కొత్త కర్టెన్లు కుడుతుంటే నేను చూశాను. దిళ్ళలో దూది కూడా ఏకించి మళ్ళీ నింపించింది.

"ఇంకెందుకు దొడ్డమ్మా ఇదంతా? ఆయన లేడు కదా."

"అబ్బాయికి పెళ్ళి చేస్తున్నాం కదే," అంది.

ఆవిడ కొడుకు అప్పటికి పెద్ద గొడవలేమీ చేయలేదు. కానీ చెరువు దగ్గర కూలీ మీద చెయ్యి చేసుకున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆవిడా వినే ఉంటుంది. కోడలు కాపురానికి వచ్చిన రోజు దొడ్డమ్మ ఆ పిల్లని పడకగదిలోకి కాకుండా హాల్లోకి తీసుకొచ్చి దివాను మీద కూర్చోబెట్టింది. "ఈ ఇంట్లో ఇది నీ గది. ఏ టైములో అయినా వచ్చి కూర్చో. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు," అంది. ఆ పిల్లకి అప్పుడు అర్థం కాలేదు. రెండు నెలలకి గోడ అవతల చప్పుడు విన్నాను. ఆ వెంటనే దొడ్డమ్మ గొంతు, మామూలుగా, గట్టిగా వినిపించింది. "అబ్బాయీ, కోడల్ని ఇలా పంపించు. దారం చుట్టాలి." నేను నా దారం ఉండ తీసుకుని వెళ్ళాను. మామ్మగారూ వచ్చింది. కోడలు వాచిన చెంపతో వచ్చి మా మధ్య కూర్చుంది. దొడ్డమ్మ ఆ పిల్ల చేతిలో సూది పెట్టి, చూపుడువేలు సరిచేసింది.

పోయిన రోజు దొడ్డమ్మని ఆ దివాను మీంచే పాడె మీదికి ఎత్తారు. పదకొండో రోజు అయ్యాక కొడుకు హాలు మధ్యలో నిలబడి, "ఈ చెత్తంతా తీయించేసి సోఫా సెట్టు వేయిస్తాను. ముందు తలుపుకి గడియ పెట్టించాలి. ఇన్నేళ్ళు ఇల్లు సత్రంలా ఉంది," అన్నాడు. కోడలు నా వైపు చూసింది.

మర్నాడు మధ్యాహ్నం వడ్రంగి వచ్చాడు. తలుపు మీద పెన్సిలుతో గీతలు గీసి, మేకులు చూసుకుంటుండగా మామ్మగారు కర్ర పట్టుకుని వచ్చింది. ఇప్పుడావిడకి చూపు సరిగా ఆనదు. సరిగ్గా గుమ్మంలో చతికిలబడింది. వెనక మేమందరం వెళ్ళి కూర్చున్నాం. కోడలు దివాను మీది పాత దుప్పటి తీసి అందరి ఒళ్ళోనూ పరిచింది. కొత్త బిళ్ళలు తెచ్చి అంచులకి అతకడం మొదలుపెట్టాం.

"ఏంటండీ మామ్మగారూ ఇది? కొంచెం పక్కకి జరగండి. తలుపు పని ఉంది," అన్నాడు కొడుకు. వడ్రంగి ముందు, మా ముందు, వీధిలో జనం ముందు గొంతు తగ్గించే మాట్లాడాడు.

"వరస మధ్యలో ఉంది నాయనా. అయ్యాక వేయించుకో."

"ఎప్పటికవుద్దండి?"

మామ్మగారు ఒళ్ళోని దుప్పటిని చేత్తో తడిమింది. "పెద్దదయ్యా ఇది," అంది.

వడ్రంగి సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మళ్ళీ ఒకసారి వచ్చాడు. అప్పుడూ మేం లేవలేదు. ఇప్పటికీ రోజూ వెళుతున్నాం. దుప్పటి దివాను దాటి, నేల మీదకి దిగి, గుమ్మం దాకా వచ్చింది. పాత మరక గోధుమరంగుకి తిరిగి, ఇప్పుడు దుప్పటికి మధ్యలో ఉంది. తలుపు మీద గడియ కోసం గీసిన పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి. తలుపు తీసే ఉంది.