నా వెడ్జ్ కారును శ్రీధర్ పొగిడిన రోజు

2007 మార్చిలో నన్ను డెట్రాయిట్ శివార్లలోని మా కార్ల కంపెనీ ఎక్స్‌టీరియర్ స్టూడియోకి సీనియర్ డిజైనర్‌గా వేశారు. కారు పైరూపం తీర్చే విభాగం అది. కొత్తగా తేబోయే రెండు తలుపుల కారుకి రెండు నమూనాలు పోటీ పడాలి. ఒకటి నాది, రెండోది శ్రీధర్‌ది. ఎవరిది ఎంపికైతే ఆ ప్రాజెక్టుకి వాళ్లే చీఫ్ డిజైనర్.

శ్రీధర్‌ది వరంగల్. వయసులో నాకంటే చిన్న, కంపెనీలో చేరింది కూడా నా తర్వాతే. నన్ను అన్నా అని పిలిచేవాడు. పైవాళ్లు మాత్రం నా బల్ల దాటుకుని వెళ్లి అతని బల్ల దగ్గర ఆగేవారు. దాచుకోవడం దేనికి, నాకు కడుపు మండేది. అతని స్కెచ్‌లో ఒక గీత బాగా కుదిరిందంటే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

నేను గీసింది వెడ్జ్. తలుపు మూసుకుపోకుండా కింద పెట్టే చెక్కముక్కలా ముందు సన్నగా, వెనక ఎత్తుగా ఉండే ఆకారం. ఆగి ఉన్నా దూసుకుపోతున్నట్టు కనిపించాలని నా పట్టుదల. శ్రీధర్‌ది ఎత్తు ముక్కు, గుండ్రటి భుజాలు. అరిగిన సబ్బుబిళ్ల అని పక్కవాళ్ల దగ్గర ఎగతాళి చేశాను. వెడ్జ్ పాతబడిందని స్టూడియోలో గుసగుసలు వినిపిస్తే, అవి పుట్టించింది అతనేనని తీర్మానించుకున్నాను.

స్కెచ్ తర్వాత క్లే మోడల్. వేడిచేసి మెత్తబరిచిన మట్టిలాంటి పదార్థాన్ని చట్రానికి పట్టించి, అసలు సైజులో కారుని చెక్కుతారు. పైన వెండి రంగు ఫిల్మ్ అతికిస్తే దూరానికి నిజం కారే అనిపిస్తుంది. రెండు మోడళ్లనీ వెనక ఆవరణలో ఎండలో పక్కపక్కన నిలబెడితే డైరెక్టర్ వచ్చి చూస్తారు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరూ తమ మోడల్ గురించి మాట్లాడకూడదు, ఎదుటివాడి మోడల్‌లో మంచి ఏమిటో చెప్పాలి. డిజైనర్లు కొట్టుకుచావకుండా మా డైరెక్టర్ పెట్టిన పద్ధతి.

ముందు నా వంతు వచ్చింది. తక్కువ చేసి చెబితే నా ఏడుపు అందరికీ తెలిసిపోతుందని భయం. అందుకే పళ్లు బిగబట్టి ఉన్నదంతా చెప్పాను. ముక్కు ఎత్తుగా ఉంది కాబట్టి బానెట్ కింద ఖాళీ ఉంటుంది, రోడ్డు మీద నడిచేవాళ్లని గుద్దినా వాళ్ల తల ఇంజిన్‌కి తగలదు అన్నాను. వెనక కూర్చున్నవాళ్లకి బయటి లోకం కనిపిస్తుందని, పార్క్ చేసేటప్పుడు ముందు అంచు ఎక్కడుందో తెలుస్తుందని కూడా చెప్పాను.

తర్వాత శ్రీధర్ నా మోడల్ చుట్టూ తిరుగుతూ మాట్లాడాడు. హాస్టల్ గదిలో మంచం పక్కన గోడకి ఇలాంటి కారు బొమ్మే అంటించుకున్నానని, దాన్ని చూసే ఈ వృత్తిలోకి వచ్చానని చెప్పాడు. అందరి మొహాల్లో చిరునవ్వులు. ఇక నాదే ప్రాజెక్టు అనుకున్నాను. డైరెక్టర్ ఒక్కటే అడిగారు, ఆ బొమ్మ ఇప్పుడెక్కడుందని. హాస్టల్ ఖాళీ చేసినప్పుడు తీసేశానన్నాడు శ్రీధర్.

అతని మోడల్ ఎంపికైంది.

మధ్యాహ్నం నన్ను వెతుక్కుంటూ లంచ్‌రూమ్‌కి వచ్చాడు. నా కారు ఓడిపోవాలనే ఆ పాత బొమ్మ కథ ఎత్తావా అని మొహం మీదే అడిగేశాను.

“లేదన్నా, నీ కారు నాకు నిజంగ ఇష్టం. ఉన్నదే చెప్పిన,” అన్నాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, “నా కారు గురించి నువ్వు చెప్పినంత మంచిగ నాకు గూడ చెప్పనీకి రాదు,” అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అతను అన్నది నిజం కావడమే దానికి కారణం. ఆ తర్వాత ఆ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా అతని కిందే పనిచేశాను.

వెడ్జ్ పాతబడిపోయిందా అని ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. దాని అందం ఏమీ తగ్గలేదు. కానీ ఒక ఆకారాన్ని ప్రేమించేవాడి దగ్గర కూడా చిన్నప్పటి కబుర్లు తప్ప చెప్పడానికి మరేమీ లేకపోతే, ఇక దాన్ని కొనేవాడు లేడని అర్థం. ఆ సంగతి నాకు శ్రీధర్ నోటి నుంచి తెలియాల్సి రావడం మాత్రం ఈ రోజుకీ నాకు గిట్టదు.