తొడిమల వసారాలో ఆరాధన ఫ్యాను

మనుషులున్నారని కనిపెట్టి వసారా ఫ్యాను తనంతట తాను తిరగడం ఆరాధన తొలి గెలుపు. ఊరికే రాలేదది. రెండు బోర్డులు మాడిపోయాయి. ఒకసారి ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోతే నాయనమ్మ దేవకుమారి "ఇల్లు తగలబెడతావటే పిల్లా!" అని పెరట్లోకి పరిగెత్తింది. మూడో బోర్డుకి ఫ్యాను కదిలింది. తాతయ్య సంజీవరావు ఆ సాయంత్రమే వీధంతా తిరిగి చెప్పొచ్చాడు.

చెప్పుకోవడానికి ఆయనకు చాలానే ఉంది మరి. పొదిలి దగ్గరి ఆ పల్లెలో తాను చదివింది ఏడో తరగతి. మనవరాలు పదిలో మండలం ఫస్టు, చర్చిలో బైబిల్ క్విజ్ కప్పు, ఇప్పుడు ఒంగోల్లో ఇంజనీరింగు. "సొంతంగా చేసిందండీ మా పిల్ల! మనుషులుంటే ఫ్యాను తిరుగుద్ది, లేకపోతే ఆగుద్ది. ఏది ఎంత కరెంటు తాగుతోందో ఫోన్లో గీత గీసి చూపిస్తది."

కాలేజీ పిల్లలు తయారుచేసినవాటికి కోయంబత్తూరులో జరిగే ప్రదర్శనకు ఆరాధన కాలేజీ నుంచి ఒక్కరినే పంపుతారు. నిజంగా ఒక ఇంట్లో పనిచేస్తుంటే చూసి పంపుతానని అక్కడ పాఠాలు చెప్పే ఖలీల్ మాస్టారు ఊరికి వచ్చారు.

వసారాలో ఎప్పటిలాగే ఆ వీధి ఆడవాళ్లు, సుబ్బరావమ్మ, మరో ముగ్గురు, మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఆ ఘాటుకు ఫ్యాను లేకపోతే కూర్చోలేరు. మాస్టారు చెప్పులు విప్పారో లేదో, ఫ్యాను కాస్తా ఆగిపోయింది.

సుబ్బరావమ్మ తుమ్మింది. వెంటనే తక్కినవాళ్లూ అందుకున్నారు.

"ఏమే ఆరాధనా, మేం మనుషుల్లాగా లేమటే నీ మిషనుకి?" అంది సుబ్బరావమ్మ.

ఆరాధన ఫోను చూసి, "వసారాలో ఎవరూ లేరంటోంది సార్" అంది.

"చేతులు ఊపండమ్మా" అన్నారు మాస్టారు. స్తోత్రం చెప్పినట్టు నలుగురూ చేతులెత్తి ఊపారు. ఫ్యాను ఉలకలేదు.

మాస్టారు ఫోను తీసుకుని గీతల వంక చూశారు. "ఫ్యానుకేం కాలేదు. మనుషులు కదలడం మాత్రం నేను రావడానికి కొంచెం ముందు కనపడకుండా పోయింది. అప్పుడిక్కడ ఎవరేం చేశారు?"

"నేనేం ముట్టుకోలేదు బాబూ! తమరొస్తున్నారని దానికి కవరు తొడిగానంతే" అంది దేవకుమారి.

అందరూ గోడ వైపు చూశారు. మనుషుల్ని పసిగట్టే ఆ డబ్బా మీద గులాబీలు కుట్టిన గుడ్డ! టీవీకీ ఫ్రిజ్‌కీ ఎప్పుడూ వేసేదే కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు.

ఆరాధన గుడ్డ లాగేసింది. ఫ్యాను గిర్రున తిరిగింది. తుమ్ములు ఆగలేదు గానీ వాటిలో నవ్వులు కలిశాయి.

"గుడ్డ కప్పడం మన ఇళ్లల్లో మామూలే కదా. దీనికేం చేస్తావ్?" అడిగారు మాస్టారు.

"డబ్బా కళ్లకి ఏదన్నా అడ్డమొస్తే ఫ్యాను ఆపకుండా అరిచేటట్టు పెడతా సార్. పాత స్విచ్చీ పక్కనే ఉంచుతా."

భోజనాల వేళకల్లా చేసి చూపించింది. మాస్టారు గుడ్డ కప్పారు. డబ్బా కీచుమంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"బట్టలు సర్దుకో అమ్మా" అన్నారాయన.

"దేవుడికి స్తోత్రం! చూశారా, ఇప్పుడేమంటారు?" అని వసారా అదిరేలా అరిచాడు సంజీవరావు.

నిన్న ఒంగోలు స్టేషనులో ఆయనే మనవరాల్ని రైలెక్కించాడు. పక్క సీటువాళ్లకు పదో తరగతి మార్కుల దగ్గర్నుంచీ చెప్పడం పూర్తికాకముందే రైలు కదిలింది. ఆరాధన మార్చి పదహారో తేదీన తిరిగొస్తుంది.