జలుబు గోలీ

నిన్న తార్నాకలో మా లిఫ్టులో ఎవరో పిల్లాడి చొక్కా మీద ఒలికిన దగ్గుమందు వాసన తగిలి ముక్కు మూసుకున్నాను. గులాబీ రంగులో జిడ్డుగా ఉండే ఆ మందు తీపి వాసనంటే నాకు చిన్నప్పటి నుంచీ రోత.

మా నాన్న యూనివర్సిటీలో క్లర్కు. క్యాంపస్ క్వార్టర్స్‌లో ఎండాకాలం రాలిన తురాయి పూలు, సీతాఫల్‌మండి వైపు నుంచి వినిపించే రైలు కూతలు, బతుకమ్మకు అమ్మ చేసే నువ్వుల సద్దులు, అన్నీ చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి గానీ, నాకు ముందుగా గుర్తొచ్చేది మా అలమారలోని బిస్కెట్ డబ్బా. అందులో సగం కత్తిరించిన గోలీల పట్టీలు, కారిన సిరప్‌కు అతుక్కుపోయిన చీమలు, పిల్లలందరం నాకిన ఒకే చెంచా. ఆ లైన్లో ఆడవాళ్లు పాలకు తోడు అడిగినంత సులువుగా గోడ మీంచి గోలీలు అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లు, ఇచ్చినందుకు మురిసిపోయేవాళ్లు కూడా.

తాతకు ఆయాసం ఎక్కువై, ఆయనతోపాటు అవ్వ కూడా ఊరి నుంచి మా ఇంటికొచ్చింది. మొదట్లో అడిక్‌మెట్ దాకా నడిచి, కూరలవాళ్లతో పోట్లాడి మరీ బెండకాయలు తెచ్చేది. ఆమెకున్న బాధల్లా నిద్ర పట్టకపోవడమే.

"అత్తమ్మకు ఓ జలుబు గోలీ వెయ్యిండ్రి వదినా, మంచిగ నిద్ర పడ్తది" అంది పక్కింటామె.

పట్టింది. ఇంకేం, అమ్మ రోజూ ప్రేమగా వేసేది. అవ్వ పగలంతా టీవీ ముందు కూలబడి, చక్కెర దట్టించిన చాయ్ తాగుతూ, నోరు పిడచగట్టి, పెదవుల పక్క చొంగ ఎండి, అరమోడ్పు కళ్లతో జోగేది. నన్ను చూసి మేనత్త పేరు పెట్టి పిలిచేది. ముసలితనం అన్నారు అందరూ. ఆ మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడే తాత పోయాడు. ఆడవాళ్లు గాజులు పగలగొట్టడానికొస్తే, కొత్త గాజులు తొడిగించుకునేదానిలా అవ్వ నవ్వుతూ చేయి చాచింది. "మంచిదేలే, దుఃఖం తెలుస్తలేదు" అన్నారెవరో. తల్చుకుంటే అసహ్యం వేస్తుంది.

కొన్నాళ్లకు ఒంటేలు రాక పొత్తికడుపు బిగుసుకుపోయిన అవ్వను దవాఖానకు తీసుకెళితే, డాక్టరమ్మ గోలీ పట్టీ చూసి నాన్నను కసిరింది. "రోజు ఇదే వేస్తున్నరా? ఈ వయసుల దీంతోనే ఒంటేలు ఆగుతది, మతి గుడ మసకబారుతది."

ఆమె చెప్పినట్టు గోలీలు మాన్పించాక అవ్వ నెమ్మదిగా తేరుకుంది. ఓ పొద్దున నన్ను నా పేరుతో పిలిచి, ఇల్లంతా కలియజూసి అడిగింది.

"మీ తాత ఏడి బిడ్డా?"

అమ్మ చెప్పింది. అవ్వ బోసి చేతులు చూసుకుంది.

"నాకెవ్వరు చెప్పలే? నేను ఏడ్వనే లేదు గదనే!" అంటూ నేలకు చేతులు కొట్టుకుని ఏడ్చింది. చుట్టాలంతా దినాల భోజనాలు తిని ఎప్పుడో వెళ్లిపోయారు. పక్కన కూర్చుని ఏడ్చేందుకు ఒక్కరూ లేరు.

ఇప్పుడా క్వార్టర్స్ లేవు, గోడ మీంచి తోడు అడిగేవాళ్లూ లేరు, అవ్వా లేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఈ పొద్దున దుప్పటి మారుస్తుంటే ఆమె దిండు కింద జలుబు గోలీల పట్టీ కనబడింది, సగం ఖాళీగా. నా కోపం నషాళానికంటింది.

"ఏందమ్మా ఇది? తాత కోసం అవ్వ ఎట్ల ఏడ్చిందో మర్చిపోయినవా?"

అమ్మ నా వైపు మెల్లగా చూసింది.

"అవ్వ ఏడ్చిందా? ఎప్పుడే?"