చెంచాడు నీళ్లు

పక్షవాతం వచ్చిన మనిషికి మొదటి ముద్ద పెట్టే ముందు మా వార్డులో ఒక పద్ధతి ఉంది. మంచం తలవైపు ఎత్తి, చెంచాడు నీళ్లు పట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి, గుటక దిగిందో లేదో చూస్తాం. దగ్గు రాకపోతే ఇంకో చెంచా. ఓపిగ్గా పక్కన కూర్చుని చేయాల్సిన పని. కూర్చునే మనిషే లేకనే మా నర్సులు సమ్మెకు దిగారు.

మాది అమీర్‌పేట సందుల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. షిఫ్టుకు వార్డు మొత్తానికి ఒక్క నర్సు పిల్ల. ఈ మంచం దగ్గర సెలైన్ మారుస్తుంటే ఆ మంచం మీంచి ముసలాయన కిందపడేవాడు. యాజమాన్యంతో ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నేను ఇన్‌చార్జి సిస్టర్ని. "అక్కా, నువ్వు లోపట్నే ఉండు, పేషెంట్లను జర చూసుకో" అని ఆ పిల్లలే చెప్పి, గేటు బయట టెంటు కింద కూర్చున్నారు. నేను మేనేజర్ గారిని అడిగింది ఒక్కటే, సమ్మె తేలేదాకా కొత్తవాళ్లను చేర్చుకోవద్దని. ఆయన నవ్వాడు. "మంచాలు ఖాళీగా పెట్టుకుంటే ఆసుపత్రి ఎట్లా నడుస్తుంది సిస్టర్?" ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వారమే ఒక టైలర్ చేరాడు. సిరిసిల్ల వైపు నేతవాళ్లు, పంజాగుట్టలో జాకెట్లు కుట్టే షాపు. కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. ముక్కులో వేసిన గొట్టంలోంచే పాలూ జావా పోసేవాళ్లం. "నోటితో ఏమీ పెట్టకండమ్మా" అని భార్యకు మొదటి రోజే చెప్పాను. బుద్ధిగా తలూపింది. మెల్లగా ఆయనకు మాట తిరిగింది. డాక్టరు గారు చూసి, "గుటక పరీక్ష చేసి, బాగుంటే నోటితో మొదలుపెట్టండి" అని వెళ్లిపోయారు. చేయాల్సింది నేనే. అవతల ఒకరికి రక్తం ఎక్కుతోంది, ఇంకొకరికి ఆయాసం. "ఈ పని కాగానే వస్తానమ్మా" అన్నాను.

ఆ రోజు ఆయన చెల్లెలు బల్కంపేట ఎల్లమ్మకు బోనం ఎత్తి, ఆ కుండలోని పెరుగన్నం స్టీలు డబ్బాలో తెచ్చి ఇచ్చి వెళ్లింది. ప్రసాదాన్ని ఎవరు కాదంటారు? ఉపవాసం ఉన్నవాళ్లు కూడా కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు. నేను వద్దన్నది తిండిని, అమ్మవారి ప్రసాదాన్ని కాదు అనుకుంది ఆయన భార్య. పైగా ఆయనే నోరు తెరిచి "ఆకలైతుంది" అన్నాడట. వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో ముద్ద పెట్టింది.

దగ్గు విని పరుగెత్తాను. అప్పటికే ముఖం నల్లబడింది. మెషిన్ పెట్టి లాగితే గొంతులోంచి మెతుకులు వచ్చాయి. ఊపిరితిత్తుల్లోకి దిగినవి రాలేదు. వెంటిలేటర్ మీద పెట్టారు. వారం తిరగకుండానే పోయాడు.

"బంధువుల నిర్లక్ష్యం" అన్నాడు మేనేజర్. టెంటు కింద మా పిల్లలు ఆ టైలర్ ఫొటోకు దండ వేసి, యాజమాన్యమే చంపిందని నినాదాలిచ్చారు. ఎవరికి కావాల్సినట్టు వాళ్లు ఆయన్ను వాడుకున్నారు. నాకు ఇద్దరి మీదా అసహ్యం వేసింది. ఆయన భార్య మాత్రం నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"నా చేతితోనే పెట్టిన గద సిస్టర్. నేనే సంపుకున్ననా?"

కాదమ్మా అన్నాను. నమ్మలేదు.

గొడవ పెద్దదవుతుందన్న భయంతో యాజమాన్యం దిగివచ్చింది. నర్సులను పెంచారు, సమ్మె ముగిసింది.

దినాలయ్యాక టైలర్ భార్య ఆ డబ్బా కోసం వచ్చింది. అది ఆడబిడ్డదట, వాళ్లింట్లో అడుగుతున్నారట. కడిగి నా బల్ల కింద పెట్టి ఉంచాను, తీసి ఇచ్చాను. ఆమె కళ్లు ఆ మంచం మీదికి పోయాయి. అక్కడిప్పుడు వేరే మనిషి. సమ్మెలో కూర్చున్న పిల్లల్లో ఒకతె పక్కన స్టూలు వేసుకుని, ఆయన గొంతు మీద వేళ్లు ఆనించి, చెంచాతో నీళ్లు పడుతోంది.

"ఆ పొద్దు గీ పిల్ల ఏడున్నది సిస్టర్?"

"గేటు బయటమ్మా."

"ఏం జేస్తుండె?"

"ఇలా కూర్చునే తీరిక ఇమ్మని అడుగుతూ కూర్చుందమ్మా."

ఆమె డబ్బా కొంగు కింద దాచుకుని, ఆ మనిషి గుటక వేసేదాకా నిలబడి, వెళ్లిపోయింది.