బ్లీచింగ్ నీళ్లలో మా మామ కలిపిన మందు

ఆదివారం లెగ్‌పీసు కోసం కొట్లాడుకునే యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా... కోడికి కూడా కడుపుంటుంది. అది చెడితే పెంచినోళ్ల ఇల్లు కూడా చెడుతుంది!

మా చిన్నప్పుడు... మన్సూరాబాద్‌లో మా మేనమామకు బాయిలర్ కోళ్ల షెడ్డు ఉండేది. సెలవులొస్తే నేను అక్కడే. కోడిపిల్లల ముందు గట్టిగా తుమ్మడం, అవన్నీ ఒక్కసారిగా మూలకు ఉరికితే పడిపడి నవ్వడం... అదే నా ఉద్యోగం.

అప్పటికే రెండు బ్యాచులు ఎదగక దెబ్బతిన్నాయి. మూడోదీ అదే దారి. ఒకటే పలచటి రెట్టలు. షెడ్డున్న జాగా తాతది. ఆయన తేల్చి చెప్పేశాడు.

"ఈసారి గూడ కోడి రెండు కిలోలు తూగకపోతే షెడ్డు పీకేసి ప్లాట్లు చేస్త బిడ్డా."

పశువుల డాక్టరు ఏదో పొడి ఇచ్చాడు. "ఇందుల బతికున్న క్రిములుంటయి, పెరుగుల ఉన్నట్టు. కడుపు బాగైతే తిన్నది ఒంటికి పడ్తది" అన్నాడు.

మామ భక్తిగా నీళ్ల ట్యాంకులో కలిపాడు. పది రోజులైనా కోళ్లు అట్లాగే ఉన్నాయి. ఇక డాక్టరుకు తిట్లు మొదలు...

చల్ల చిలుకుతున్న అత్తమ్మ కవ్వం ఆపి అడిగింది. "ట్యాంకుల రోజూ ఏమేస్తవ్?"

"బ్లీచింగ్ పౌడర్. నీళ్లు సాఫ్ ఉండాలె గద!"

"క్రిములను సంపే మందేసి, గందుల్నే బతికున్న క్రిములను పోస్తవా? మసిలే పాలల్ల తోడేస్తే పెరుగైతదా? జర బుర్ర పెట్టు!"

మామ మొహం చూడాలి...

ఆ రోజు నుంచి అత్తమ్మే ఆ పొడిని దాణాలో కలిపేది. రెట్టలు గట్టిపడ్డాయి. కోళ్లు మేత తొట్ల మీద ఎగబడ్డాయి. నేనెంత తుమ్మినా ఒక్కటీ కదలదు... అంత బలుపు!

నలభై రెండో రోజు, అంటే కోళ్లను అమ్మే రోజు, కాంటాకు కోడిని వేలాడదీశారు. తాత కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. సరిగ్గా రెండు కిలోలు! మామ నన్నెత్తి గిరగిరా తిప్పాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి... ఆ రెండు కిలోలు నేను కల్పించినవి.

అత్తమ్మ కనిపెట్టేసరికే సగం రోజులు దాటిపోయాయి. కోడి కిలోన్నర దాటి ఆగింది. తాత మాట తప్పలేదు. మామ చాలా ఏళ్లు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఆటో తోలాడు. ఇప్పుడు ఆ జాగాలో ఐదంతస్తుల బిల్డింగు... కింద చికెన్ సెంటరు.

ఇంకో పది రోజులుంటే తూగేవేమో అని మామ ఇప్పటికీ అంటాడు. అందుకే ఇన్నేళ్లకు నేనే తూచి పెట్టాను. మీ ఇళ్లల్లోనూ ఇట్లా కొద్దిలో తప్పిపోయినవి ఉంటే కింద రాయండి... కాస్త బరువు కలిపి రాసినా నేనేమీ అనుకోను.