బాపు చెవులు

మా ఇంట్లో వెనకనుంచి పిలవడమంటే పెద్ద తప్పు. మాట్లాడాలంటే ఎదురుగా రావాలి, భుజం తట్టాలి, పెదవులు బాగా కదిలించి చెప్పాలి. సూరత్‌లో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేసే మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇదే పద్ధతి. కార్ఖానా మోతలో పక్కవాడి కేక కూడా వినపడదు కాబట్టి మగవాళ్లు అక్కడ పెదవులు చూసే మాట్లాడుకునేవారు. ఆ అలవాటే ఇంటికీ తెచ్చారు. లోకమంతా ఇంతే అనుకుని నేను బడిలో టీచరమ్మ భుజం తట్టి తిట్లు తిన్నాను.

ఆ రోజులంటే నాకిప్పటికీ ప్రాణం. లింబాయత్‌లోని మా ఇరుకింట్లో, బాపు, అదే మా నాన్న, షిఫ్టు దిగి రాగానే ఎదురుగా కూర్చుని బడి ముచ్చట్లన్నీ చెప్పేదాన్ని. ఒక్క మాట పోనిచ్చేవాడు కాదు.

కరోనా వచ్చి సాంచాలు ఆగిపోయేనాటికి నేను ఉద్యోగం చేస్తున్నాను. కొన్నాళ్లకు అమ్మకు జ్వరం రావడంతో ఇంట్లో కూడా ముగ్గురం మాస్కులు పెట్టుకున్నాం. అప్పటినుంచీ బాపు మారిపోయాడు. అన్నం తింటావా అంటే వెళ్లి తలుపు వేసొస్తాడు. మళ్లీ అడిగితే విసుక్కుని గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఉన్న గొడవ చాలక ఈయన అలకొకటి అని నాకు ఒళ్లు మండేది.

ఒక పొద్దున బాపే నా చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, నా దిమాగ్ పోతున్నట్టుంది. మీరు మాట్లాడుతున్నరని ఎరుకైతుంది గని, ఏమంటున్నరో సమజైతలేదు. మా అవ్వకు గిట్లనే షురువైంది. ఆఖరికి నన్నే ఎవలివిరా అన్నది."

నా కోపం అక్కడే చచ్చింది. దేనికీ బెదరని మనిషి నా చెయ్యి వదల్లేదు. నన్నూ మరిచిపోతాడేమోనని బాత్‌రూము తలుపేసుకుని ఏడ్చాను.

గుట్టు బయటపెట్టింది అమ్మ నోరే. జ్వరం తగ్గుముఖం పట్టాక, గుమ్మం దగ్గర కషాయం తాగడానికి మాస్కు గడ్డం కిందికి లాగి, "ముసలోనికి నకరాలెక్కువైనయ్" అని గొణిగింది. మంచం మీదనుంచి బాపు గయ్యిమన్నాడు.

"నకరాలెవలికే? నీకా, నాకా?"

మళ్లీ మళ్లీ అడిగినా అందని మనిషికి ఈ గొణుగుడు ఎలా అందిందని నాకు అనుమానమొచ్చింది. నేను మాస్కు తీసి, చప్పుడు చెయ్యకుండా పెదవులు మాత్రం కదిలించి "చాయ్ తాగుతవా బాపూ?" అన్నాను.

"శక్కర తక్కువెయ్యి" అన్నాడు.

తర్వాత చెవుల డాక్టరు చెప్పాడు. సాంచాల మోతకు బాపు చెవులు ఏళ్ల కిందటే దాదాపు పోయాయట. కళ్లు పెదవుల్ని చూస్తుంటే మెదడు వాటికి మాట జతచేసి, చెవితో విన్నట్టే నమ్మిస్తుందట. ఆ సంగతి ఆ మనిషికే తెలియదట. ఇన్నేళ్లు కాపురం చేసి గమనించలేదా అని ఆయన అడిగితే అమ్మ చిన్నబుచ్చుకుంది. దిమాగ్ బాగానే ఉందన్న మాటకు బాపు మాత్రం డాక్టరుకు రెండు చేతులా దండం పెట్టాడు.

చెవి మిషను కొన్నాం. ఇంటికొచ్చి బాపు అది పెట్టుకున్నాక, నేను ఎదురుగా కూర్చుని "బాపూ, ఇనవడుతుందా?" అన్నాను. ఉలిక్కిపడి నా వెనక ఎవరున్నారా అని చూశాడు.

"ఎవలది గా గొంతు?"

"నాదే బాపూ."

"నీది గాదు బిడ్డా. నీది సన్నగుంటది. పొద్దుగాల గూడ ఇన్న కద."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. బాపు చివరిసారి నిజంగా విన్న నా గొంతు రెండు జడల పిల్లది. చెవులు పోయినా మెదడు ఆ గొంతును దాచుకుని, నేను నోరు తెరిచినప్పుడల్లా దాన్నే నా పెదవులకు అతికించింది. నేను పెరిగి, ఉద్యోగంలో జనంతో అరిచి అరిచి గొంతు బొంగురుపోయినా, బాపు ముందు మాత్రం ఇన్నేళ్లూ చిన్నపిల్లలాగే మాట్లాడాను. సంతోషమో దిగులో తెలియక నాకు ఏడుపాగలేదు.

బజారుకైనా చుట్టాలింటికైనా బాపు ఆ మిషను పెట్టుకునే వెళ్లేవాడు. నేను వచ్చి ఎదురుగా కూర్చుంటే మాత్రం తీసి అంగీ జేబులో వేసుకునేవాడు.

"ఇగ చెప్పు బిడ్డా" అనేవాడు.

చెప్పడానికి ఏమీ లేకపోయినా చెప్పేదాన్ని.